వాడు నడిస్తేనే ముద్ద

మా పాపకు అన్నం తినడమంటే ఒకచోట కూర్చుని చేసే పని కాదు. పాకడం మొదలుపెట్టిన కొత్తలోనే తనకో పద్ధతి పెట్టేసుకుంది. ముందు మా కుక్క నడవాలి. దాని వెనకాల పాపను చంకనేసుకుని మేం నడవాలి. కుక్క తోక ఊపుకుంటూ నాలుగడుగులు వేస్తే పాప నోరు తెరుస్తుంది. ఆ క్షణంలోనే ముద్ద పెట్టేయాలి. కుక్క ఆగిందా, నోరు మూతపడుతుంది. ఆ తర్వాత చందమామే దిగివచ్చి బతిమాలినా తెరవదు.

అసలు చందమామను చూపిద్దామన్నా ఎక్కడ కనిపిస్తుంది? మా ఫ్లాటు కోకాపేటలో. బాల్కనీలోంచి చూస్తే ఎదురుగా ఒక టవరు, దాని పక్కన ఇంకా కడుతున్న టవరు, దాని నెత్తిన క్రేను. కాకులు ఇంత ఎత్తుకు రావు. పావురాలు వచ్చేవి గానీ, వాటి రెట్టలు పడలేక వల కట్టించేశాం. పిల్లకు చూపించి నాలుగు ముద్దలు తినిపించడానికి మా ఇంట్లో మిగిలిన వింత ఆ కుక్క ఒక్కటే.

కుక్కను మేం ‘వాడు’ అనే అంటాం. మా పెళ్లికి ముందే మా ఆయనకు ఆఫీసు పార్కింగులో దొరికాడు. ఫలానా జాతి అని చెప్పుకోవడానికేం లేదు. గోధుమరంగు ఒళ్లు, ఒక చెవి నిలబడి ఉంటుంది, ఇంకోటి ఎప్పుడూ వాలిపోయి ఉంటుంది. పాపను చూసుకోవడానికి కాకినాడ నుంచి వచ్చిన మా అత్తయ్యగారు మొదటి రోజే, “కుక్కనేమో వాడంటారు, కన్నపిల్లనేమో అదంటారు. ఏవిటో మీ చదువులు!” అని మూతి తిప్పారు. వారం తిరిగేసరికి ఆవిడ కూడా వాడనే అనడం మొదలుపెట్టారు.

ఇదంతా పాప బరువుతో మొదలైంది. పిల్లల డాక్టరు గారి దగ్గర కంప్యూటరులో ఒక గీత ఉంటుంది. పైకి పోవాల్సిన మా పాప గీత పక్కకు పోతోంది. “కంగారు పడకండి, వచ్చే నెల మళ్లీ చూద్దాం” అన్నారాయన. కంగారు పడాల్సిందేమీ లేకపోతే ఆ మాట ఎందుకు అన్నట్టు? ఆయన గదిలోంచి లిఫ్టు దాకా నడిచేలోపే నేను పడాల్సిన కంగారంతా పడిపోయాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరూ అందరినీ అడిగే ప్రశ్న ఒక్కటే: ఎంత తింది?

తింటోంది కూడా. అదే చిత్రం. పొద్దున నేను పెట్టే టిఫిను తింటోంది. మధ్యాహ్నం నేను గది తలుపేసుకుని ఆఫీసు కాల్‌లో ఉండగా అత్తయ్యగారు పెట్టే పప్పన్నం తింటోంది. సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి అరటిపండు పెడితే అదీ తింటోంది. గిన్నెలన్నీ ఖాళీ. ఇంకేం, గీత కాస్త తలెత్తుతుందని నేను నిద్రపోవడం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడు, మే నెల ఎండల్లో ఒక పొద్దున, నెయ్యి వేసి మెదిపిన ఇడ్లీ గిన్నె పట్టుకుని “పదరా” అంటే వాడు లేవలేదు.

అంటే, లేచాడు. రెండడుగులు వేశాడు. ముందుకాలు ఒకటి పైకెత్తి నావంక చూశాడు. ఆ కాలు అలాగే గాల్లో ఉంచి, వెనక్కి కూర్చుని నాక్కోవడం మొదలుపెట్టాడు. పాప నోరు టక్కున మూసుకుంది.

గిన్నె పక్కన పెట్టి వాడి పాదం తిప్పి చూశాను. కింద ఉండే ఆ మెత్తని దిళ్లు మామూలుగా నల్లగా, నున్నగా, కొత్త రబ్బరులా ఉంటాయి. ఇప్పుడు బూడిదరంగులో పొడిబారిపోయి, పాత టైరు పగిలినట్టు పగిలి ఉన్నాయి. ఒక పగులు లోపల ఎర్రగా కనిపిస్తోంది. వేలు ఆనిస్తే చటుక్కున కాలు లాక్కుని డైనింగ్ టేబులు కిందకి పోయాడు. ఇక రాలేదు.

ఆ పూట పాప తిన్నది మూడే ముద్దలు. అందులో ఒకటి నా భుజం మీదే ఉంది.

సాయంత్రం మా ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. వాడిని ఎత్తుకుని తను ముందు నడుస్తాడట, నేను పాపతో వెనక నడవాలట. హాల్లో ఒక చుట్టు తిరిగాం. పాప ముందు కుక్క వంక చూసింది, తర్వాత వాళ్ల నాన్న కాళ్ల వంక చూసింది, మోసం కనిపెట్టేసి ఏడుపు అందుకుంది. సరే అని నేను పనిచేసుకునే చక్రాల కుర్చీలో వాడిని కూర్చోబెట్టి తోశాడు. అది పాపకు భలే నచ్చింది. విరగబడి నవ్వింది. ఆ నవ్వుతోనే నోట్లో ఉన్న ముద్దంతా బయటికి ఊదేసింది.

“ఆపరా నాయనా, ఆ సర్కసు!” అన్నారు అత్తయ్యగారు. “ముందు వాడి కాళ్ల సంగతి చూడండి. మా మడమలు పగిలితే మేం డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాళ్లమా? గోరింటాకు నూరి పట్టిస్తే చల్లగా మూసుకుపోయేవి.”

“కుక్కకు గోరింటాకా అమ్మా?”

“ఏం, వాడివి పాదాలు కావా?”

నేను అడ్డు చెప్పాల్సింది. కానీ అప్పటికి నా బుర్రంతా ఇల్లు తుడిచే ఫినాయిలు మీద ఉంది. పాప పాకుతుందని పూటపూటా ఫినాయిలు వేసి తుడిపిస్తున్నాను కదా, దానివల్లే ఇలా అయిందని నా అనుమానం. సీసా పట్టుకెళ్లి వంటింటి గట్టు కింద లోపలికంటా పెట్టేసి వచ్చేసరికి, మా ఆయన నార్సింగిలో ఏదో పాత గోడ పక్కన పెరిగిన చెట్టు నుంచి సంచీడు ఆకు కోసుకొచ్చేశాడు. మిక్సీ తిరిగింది. అత్తయ్యగారు నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, వాడి పాదాలు ఒక్కొక్కటే ఒళ్లోకి తీసుకుని ముద్ద పెట్టి, పాపకు పొట్టివైపోయిన మేజోళ్లు తొడిగి దారంతో కట్టారు. వాడు పెళ్లికూతురిలా కదలకుండా కూర్చున్నాడు. మొహంలో సిగ్గు ఒక్కటే తక్కువ.

కట్లు విప్పాక చూస్తే, పగుళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. కాకపోతే ఇప్పుడు నారింజరంగులో ఉన్నాయి. గోళ్లు, వేళ్ల మధ్య వెంట్రుకలు కూడా అదే రంగు. సరిగ్గా ఆరకుండానే దిగి నడిచాడేమో, హాలు నుంచి వంటింటిదాకా తెల్లటి టైల్స్ మీద పువ్వులు అచ్చేసినట్టు అడుగులు. పాప ఆ అడుగుల వెంట పాక్కుంటూ పోయి ఒకదాన్ని నాకబోతే నేను ఎగిరి పట్టుకున్నాను.

“ఎంత బాగా పండిందో చూడు,” అన్నారు అత్తయ్యగారు ఏమాత్రం తగ్గకుండా. “వీడికి మంచి సంబంధం వస్తుంది.”

మర్నాడు శనివారం. అందరం కారెక్కి పశువుల డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. పెద్దాయన. మెదక్ వైపు మనిషి. మొహం గంభీరంగా పెట్టే జోకులు వేస్తారు. బల్ల మీద నిలబెట్టిన మావాడి కాళ్లు చూసి కళ్లజోడు సర్దుకున్నారు.

“ఇదేంది? పెండ్లికి పోయొచ్చిండా?”

“గోరింటాకండి,” అన్నారు అత్తయ్యగారు. “చలవ చేస్తుందని.”

“చలువ సంగతేమో గని, వీడు నాకుతడు గదమ్మా. పగుళ్లల్ల ఇరుక్కుంటది గూడ. ఇగ పెట్టకుండ్రి.” నాలుగు పాదాలూ లైటు కింద పెట్టి, వేళ్ల సందులు విడదీసి చూశారు. పుండేమీ లేదన్నారు, పురుగూ లేదన్నారు. “రోజు ఎన్నిసార్లు తిప్పుతరు?”

“రెండుసార్లండి,” అన్నాను నేను. “తెల్లవారుజామున ఒకసారి, రాత్రి ఒకసారి.”

“యాడ?”

“గడ్డి మీదే.”

ఆయన వాడి పాదం వంక చూసి, నా వంక చూశారు. “గడ్డి మీద తిరిగిన కాళ్లు గిట్ల గావు. జర నిజం చెప్పుండ్రి.”

నాకు అప్పుడు గుర్తొచ్చింది. “అంటే, పొద్దున పాపకు టిఫిను పెట్టేటప్పుడు కాసేపు పోడియం మీద...”

పోడియం అంటే మా అపార్టుమెంటులో పార్కింగు పైకప్పు మీద వేసిన తోట. తోట కాస్తే, మిగతాదంతా గరుకు రాళ్లు పరిచిన నడక బాట.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. “సాయంత్రం నేను కూడా అక్కడికే...”

“సాయంత్రమా? లిఫ్టు దగ్గర వరండాలో తిప్పుతున్నానన్నావుగా?”

“వరండాలో తిప్పితే పక్కింటివాళ్లు తలుపు తీసి చూస్తున్నారు. మొహమాటమేసింది.”

ఇద్దరం ఒకేసారి అత్తయ్యగారి వైపు తిరిగాం. ఆవిడ పాప గౌను కుచ్చిళ్లు సవరించే పనిలో మునిగిపోయి ఉన్నారు.

“అత్తయ్యగారూ?”

“నేనేం చేశానమ్మా! మధ్యాహ్నం పిల్ల అన్నం తినొద్దా? నువ్వేమో తలుపేసుకుని కూర్చుంటావు. వాడు నడవందే అది నోరు తెరవదు. హాల్లో నాలుగు చుట్లు తిరిగేసరికి వాడికీ విసుగు, దానికీ విసుగు.”

“మిట్టమధ్యాహ్నం ఎండలోకా! పాపను ఎండలో తిప్పొద్దని ఎన్నిసార్లు చెప్పాను!”

“అందుకే కదా నీకు చెప్పంది. అయినా ఎండ తగలనిస్తానా? గొడుగేసుకునే వెళ్తాను. నా మనవరాలి నెత్తిన చుక్క ఎండ పడితే నన్నడుగు.”

డాక్టరు గారు వాడి పాదం ఇంకా పట్టుకునే ఉన్నారు. “పాపకు గొడుగు. మీకు చెప్పులు. మరి వీనికి?”

ముగ్గురం వాడి కాళ్ల వంక చూశాం.

“తినిపిచ్చేటోళ్లు ముగ్గురు, నడిచేటోడు ఒక్కడు. గిది కుక్కనా, సిటీ బస్సా?”

మా ఆయన నవ్వేశాడు, అత్తయ్యగారు నవ్వేశారు, నేనూ నవ్వాను. కానీ నవ్వుతూనే వాడి వంక చూస్తే ఒకటి తట్టింది. రోజుల తరబడి ఆ కాలే రాళ్ల మీద తిప్పినా వాడు ఒక్కసారీ మొరాయించలేదు. పాప కిలకిలమంటే చాలు, చెవి నిలబెట్టుకుని ఇంకో చుట్టుకు బయల్దేరేవాడు.

డాక్టరు గారు ఒక లేపనం రాసిచ్చారు. గోరువెచ్చని నీళ్లతో పాదాలు కడగాలి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవాలి, పొద్దునా రాత్రీ పలచగా రాయాలి. అది ఇంకిపోయేదాకా నాకనీయకూడదు. పగిలాయి కదా అని నూనెలూ, మన ఒంటికి రాసుకునే క్రీములూ దట్టించకూడదు. దిళ్లు మరీ మెత్తబడినా మళ్లీ చీలతాయట. పగుళ్లు పూడేదాకా కాలకృత్యాలకు తప్ప నడక లేదు, అదీ ఎండెక్కకముందు గడ్డి మీదే.

“తర్వాత గూడ, బయట తిప్పే ముందు మీ చెయ్యి వెనకదిక్కు నేల మీద ఆనిచ్చి కాసేపు ఉంచుండ్రి. మీరు ఓర్వలేకుంటే వాడు గూడ ఓర్వలేడు. గంతే.”

“మరి పాప అన్నం ఎలాగండి?” అని అడిగేశాను.

ఆయన మందుల చీటీ మడిచి నా చేతిలో పెట్టారు. “అమ్మా, నేను పశువుల డాక్టర్ని.”

కారులో తిరిగొస్తుంటే నాకు ఆ గీత కళ్ల ముందు ఆడుతోంది. నెల తిరిగేసరికి పాపను మళ్లీ తూచాలి. ఇప్పుడు నడిచేవాడికి నడక బంద్. వాడిని నడిపిస్తే కాళ్లు పోతాయి, నడిపించకపోతే పాప తినదు. ఇల్లు చేరేదాకా ఇదే లెక్క ఎన్నిసార్లు తిప్పి వేసినా జవాబు రాలేదు.

ఆ రాత్రి లేపనం రాయడం మొదలుపెట్టాం. రాయడం తేలికే, నాకకుండా చూడడమే కష్టం. మా ఆయన పట్టుకుని కూర్చుంటే వాడు మెడ సాచి నాకాడు. మేజోళ్లు తొడిగితే పళ్లతో పీకేశాడు. నోటికి ఏదో పని కల్పిస్తే తప్ప లాభం లేదనిపించింది. ఎలాగూ వాడి భోజనం వేళ. రోజూ గిన్నెలో పెట్టే ఉప్పులేని పెరుగన్నాన్ని ఆ పూట చిన్నచిన్న ముద్దలు చేసి, ఒక్కొక్కటే చేత్తో పెట్టాను. ముద్దకీ ముద్దకీ మధ్య కాస్త ఆగుతూ, లేపనం ఇంకేదాకా సాగదీస్తూ.

అవతల పాప అత్తయ్యగారి ఒళ్లో ఉంది. అప్పటికి అరగంట నుంచి తన పప్పన్నం గిన్నెను చేత్తో నెట్టేస్తోంది. ఉన్నట్టుండి నెట్టడం మానేసి మావైపు చూడడం మొదలుపెట్టింది. నా చెయ్యి వాడి నోటికి పోతుంటే దాని చూపూ అటే పోతోంది. వాడు ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. ఆ తర్వాతి ముద్ద నేను పైకెత్తేసరికి పాప ముందుకు వంగి, “ఆ” అని నోరు తెరిచింది.

నా చేతిలో ఉన్నది కుక్క ముద్ద. వేళ్లకు కుక్క ఎంగిలి, లేపనం కూడా. “ఉండండి, చెయ్యి కడుక్కుని వస్తా...”

“నువ్వొచ్చేసరికి మూసేస్తుందే తల్లీ!” అంటూ అత్తయ్యగారు తన చేతిలోని పప్పన్నం ముద్ద గబుక్కున దాని నోట్లో పెట్టేశారు.

నమిలింది. మింగింది. మళ్లీ వాడి వంక చూసింది.

“వాడికి పెట్టు, వాడికి పెట్టు,” అన్నారు అత్తయ్యగారు గుసగుసగా, పెద్దగా అంటే ఏదో చెదిరిపోతుందన్నట్టు. నేను వాడికి పెట్టాను. పాప నోరు తెరిచింది. ఆవిడ దానికి పెట్టారు. మా ఆయన వాడి కాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. ఎవరూ ఒక్క అడుగు నడవకుండా గిన్నె ఖాళీ అయింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో భోజనాలు నేల మీదికి దిగాయి. చాప పరిచి ఒకవైపు వాడు, ఎదురుగా పాప. వరస తప్పకూడదు. వాడికి రెండు ముద్దలు పడి తనకు ఒకటే పడితే పాప చాప మీద అరచేత్తో కొట్టి పంచాయితీ పెట్టేది. లేపనం రాయడం కూడా దానికి భోజనంలో భాగమైపోయింది. రాయకపోతే మొదలుపెట్టనివ్వదు. మధ్యాహ్నం పూట మందు లేదు కదా, అయినా ఉత్త వేలితోనే వాడి పాదాలు నాలుగూ నిమిరితే గానీ గిన్నె దగ్గరికి రానిచ్చేది కాదు. ఆ వేళకు వచ్చే కాల్ నేను సగం చాప మీద నుంచే వినేదాన్ని. ఒకరోజు మైకు ఆపడం మరిచిపోయి, “ఆ... ఆమ్... గుడ్ బాయ్!” అన్నాను. అటువైపు మా మేనేజరు “థాంక్యూ” అన్నాడు.

పగుళ్లు అంచుల నుంచి పూడుతూ వచ్చాయి. బూడిదరంగు పొర రాలి, కింద కొత్త నలుపు కనిపించింది. రోజూ పాదాలు తుడిచేటప్పుడు నేను ఫోను లైటు వేసి చూసుకునేదాన్ని. ఎర్రగా ఉన్న ఆ లోతైన పగులు చివరికి సన్నటి గీతలా మిగిలింది. తర్వాత అదీ పోయింది.

నెలాఖరుకు పిల్లల డాక్టరు గారి దగ్గర పాపను తూచారు. గీత కాస్త తలెత్తింది. కాస్తే. నేను మళ్లీ తూచమన్నాను. ఆయన నవ్వి మళ్లీ తూచారు. అంతే వచ్చింది. ఆ కాస్తకే అత్తయ్యగారు అక్కడి నర్సులందరికీ చాక్లెట్లు పంచేశారు.

అదే ఊపులో వాడిని కూడా తీసుకెళ్లి చూపించాం. పశువుల డాక్టరు గారు పాదాలు నొక్కి చూసి, “మస్తుగైనయ్” అన్నారు. తర్వాత వాడిని తూకం మీద నిలబెట్టి మావైపు తిరిగారు.

“కాళ్లు మంచిగైనయ్, సరే. పొట్ట సంగతేంది? పాపకు ఎంత పెట్టిండ్రో వీనికి గూడ అంతే పెట్టిండ్రా?”

“వరస తప్పితే ఒప్పుకోదండి,” అన్నాను.

“ఇగ నడిపియ్యుండ్రి. రోజు పొద్దుగాల, గడ్డి మీద, మంచిగ దూరం.”

అంత దూరం నడిచి వచ్చేసరికి పాప లేచి టిఫిను తినే వేళ అయిపోతుంది. మొదట్లో రెండు రోజులు మా ఆయన ఇంకా చీకటి ఉండగానే తీసుకెళ్లి తీసుకొచ్చేశాడు కాబట్టి గడిచింది. మూడో రోజు ఆలస్యంగా లేచాడు. వాళ్లు కిందికి వెళ్లీ వెళ్లకముందే పాప లేచి, ఆకలితో చాప దగ్గరికి పాక్కుంటూ వచ్చేసింది. అత్తయ్యగారు స్నానంలో ఉన్నారు. నేనూ, పాపా, ఇడ్లీ గిన్నె.

“నాన్న, బౌబౌ ఇప్పుడే వచ్చేస్తారు,” అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా అనిపించలేదు.

పాప తలుపు వంక చూసింది. వాడు కూర్చునే చోటు వంక చూసింది. నేను ఇడ్లీ ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాను. తెరవలేదు. నా వేళ్ల మధ్య నుంచి ఆ ముద్దను తన చేత్తో తీసుకుంది. ముందుకు వంగి, వాడు కూర్చునే చోట నేల మీద జాగ్రత్తగా పెట్టింది. పెట్టి కాసేపు ఎదురుచూసింది. ఎవరూ తినలేదు.

అప్పుడు ఆ ముద్దను తనే తీసి నోట్లో పెట్టుకుంది.

నేల మీద పెట్టిన ముద్ద. రాత్రి తుడిచిన నేల, అదీ ఉత్త నీళ్లతో. నా చెయ్యి సగం దాకా వెళ్లి ఆగిపోయింది. పాప నమిలి మింగి, ఖాళీ అరచెయ్యి నాకేసి చాపింది. నేను ఇంకో ముద్ద చేసి అందులో పెట్టాను.